సగం పోగు

చేతిలోని పెట్టె కంటే కళ్ళ మీది రెప్పలే బరువుగా ఉన్నాయి ద్వారకనాథ్‌కు. ఆ రోజు ఆడి అమావాస్య, పోయిన పెద్దలకు ఆకు వేసే రోజు. మద్రాసు నుంచి అరక్కోణం పోయే పొద్దుటి లోకల్ బండిలో కాలు మోపే చోటు లేదు. సగం మంది తిరువళ్ళూరులో దిగి వీరరాఘవస్వామి గుడికి పోయేవాళ్ళే. మొక్కుబడి బెల్లం మూటలు, ఉప్పు పొట్లాలు, తలంటుకున్న జుట్టు వాసన. తిరునిన్రవూరు దాటేసరికి పక్కనున్న ముసలాయన అతని భుజం మీద తల ఆనించి హాయిగా గురక మొదలుపెట్టాడు. ఆకలిగా ఉన్నవాడు పక్కవాడి విస్తరి వైపు చూసినట్టు ద్వారకనాథ్ ఆ గురక వైపు చూశాడు.

అది 1982. ఇరవై మూడు రోజుల్లో లండన్, హాంబర్గ్, న్యూయార్క్ తిరిగాడు. తిరుత్తణి నేతగాళ్ళ వీధుల్లో నేసిన గళ్ళ గుడ్డలు పెట్టె నిండా మోసుకుపోయి, తెల్లవాళ్ళ బల్లల మీద పరిచి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వి, ఆర్డర్లు తేవడమే అతని పని. అక్కడ అందరూ నిద్రపోయే వేళకు ఇతనికి తెల్లారేది. అక్కడ అందరూ బేరానికి కూర్చునే వేళకు ఇతనికి కళ్ళు కూరుకుపోయేవి. ఇంటికొస్తే మళ్ళీ అంతా తిరగబడేది. విమానం ఎక్కి వచ్చాడంటే వీధిలో అందరికీ సెంటు సీసాలూ చాక్లెట్లే కనిపిస్తాయి గానీ, ఆ మనిషి నడుస్తూ నిద్రపోతున్నాడని ఎవరికి తెలుస్తుంది?

పదేళ్ళ అనుభవంలో అతను కొన్ని ఉపాయాలు నేర్చుకున్నాడు. విమానంలో బుగ్గన లవంగం పెట్టుకోవాలి. అక్కడి టైముకే అన్నం తినాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. దిగిన రోజు చీకటి పడేదాకా పడుకోకూడదు. కూర్చుంటే నిద్రొస్తుందంటే నిలబడాలి, నిలబడితే వస్తుందంటే నడవాలి. ఈ నియమం అతని చేత పాటింపజేసేది భార్య అమృతవల్లి. పదేళ్ళుగా అతను దిగిన ప్రతిసారీ ముఖం మీద నీళ్ళు చల్లేది, నోట్లో మిరియాలు పోసేది, రెప్ప వాలితే భుజం పట్టి కుదిపేది. సైన్యంలో కూడా అంత కాపలా ఉండదని అతను వేళాకోళం చేసేవాడు. ఆమె మాత్రం నవ్వేది కాదు.

ఈసారి ప్రయాణమంతా అతని మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. వాళ్ళ ఇంట్లో తాతల నాటి ఆచారం ఒకటుంది. ఇంటి మగవాడు దూరం పోయేటప్పుడు తన మగ్గం మీద ఒక ఎర్ర దారం నాడెకు, అంటే అడ్డపోగు మోసే కొయ్యకు చుట్టి, ఆ నాడెను నిలువు పోగుల పడుగులోకి విసిరి, సగం దారిలో ఆపేసి పోవాలి. తిరిగొచ్చాక కాళ్ళు కడుక్కుని, అదే మనిషి ఆ మిగతా సగాన్ని అవతలి అంచుకు లాగాలి. మగ్గం పని మిగిలి ఉంటే మనిషి తిరిగి వస్తాడని నమ్మకం. పెట్టినవాడే ముగించాలి, వేరే చెయ్యి తగిలిందా, వేరేవాడు వస్తాడు అని నాయనమ్మ బెదిరించేది. ద్వారకనాథ్ ఇంటి వెనక గదిలో ఇప్పటికీ చేత్తో నాడె విసిరే తాతగారి గుంతమగ్గం ఉంది. పదేళ్ళలో పదకొండు ప్రయాణాలకూ అతను ఎర్రపోగు పెట్టే వెళ్ళాడు. ఈ పన్నెండోదానికి టాక్సీ వీధి చివర హారన్ మోగిస్తూ ఉండగా, ముందురోజే మరో ఊరి నుంచి వచ్చిన అలసటలో, మరిచిపోయాడు. మీనంబాకం విమానాశ్రయంలో గుర్తొచ్చింది. గుర్తొచ్చి ఏం లాభం?

పిచ్చి నమ్మకాలు అని తనను తాను తిట్టుకున్నాడు. అయినా ఇరవై మూడు రోజులూ ఏ హోటల్ గదిలో తెల్లవారుజామున మెలకువొచ్చినా ముందు ఆ ఖాళీ మగ్గమే కళ్ళ ముందుకొచ్చేది.

తిరువళ్ళూరులో దిగాడు. స్టేషనుకు దగ్గర్లోనే కంపెనీ ఆఫీసు. కంపెనీ అతని బావ శేషాద్రిది, అంటే అమృతవల్లి అన్నగారిది. మేడ మీద రెండు గదులు, ఒక దాన్లో శాంపిల్ గుడ్డలు. ద్వారకనాథ్ మెట్లెక్కి గుమ్మంలో నిలబడగానే శేషాద్రి చేతిలోని కాఫీ గ్లాసు తొణికింది.

"నువ్వా?" అన్నాడు. "నువ్వు... యాడినుంచి?"

"యాడినుంచేంది బావా? విమానం దిగి నేరుగా వస్తుండాను."

శేషాద్రి అతన్ని తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. చూపు ద్వారకనాథ్ ఎడమ చేతి మణికట్టు దగ్గర ఆగింది.

"గడియారం నువ్వు ఎప్పుడూ ఎడమ చేతికేనా కట్టేది?"

"అదేం ప్రశ్న? లోకమంతా ఏ చేతికి కడతారు?"

"సరి సరి. ఊరికే అడిగినాను. కూర్చో. కాదు, పడుకో. మొగం చూడు ఎట్లుందో, పావం. శాంపిల్ రూములో బెంచీ ఉంది, ఫ్యాను ఉంది. సాయంత్రం నేనే కారులో ఇంటికాడ దించేస్తా."

ద్వారకనాథ్‌కు వింతగా అనిపించింది. ఎప్పుడైనా దిగిన గంటలోనే ఎదురుగా కూర్చోబెట్టుకుని, హాంబర్గ్‌వాడు ఏమన్నాడు, న్యూయార్క్‌వాడు ఏ రంగు కావాలన్నాడు అని మెదడు తినేసే మనిషి. ఈ రోజు ఆర్డర్ల ఊసే లేదు. పడుకోమని బతిమాలుతున్నాడు.

"దిగిన దినం పగలు నేను పడుకోనని నీకు తెలీదా బావా?"

"ఈ ఒక్కసారికి పడుకో ద్వారకా. నా మాట విను."

అప్పుడు కనిపించింది బల్ల మీది విమానం టికెట్టు. తీసి చూశాడు. ఒసాకాకు. రేపటి తేదీ. పేరు ద్వారకనాథ్ అనే ఉంది.

"ఇదేంది? ఈ దినం దిగినవాణ్ణి రేపు మళ్ళా ఎక్కమంటావా? నన్ను మనిషి అనుకుంటివా, పోస్టు కవరు అనుకుంటివా?"

"నువ్వు పోవద్దులే," అన్నాడు శేషాద్రి మెల్లగా. అతని కళ్ళు నేల మీద ఉన్నాయి. "నువ్వు పడుకుంటే చాలు."

ద్వారకనాథ్‌కు ఒళ్ళు మండింది. పదేళ్ళు ఈ మనిషి కోసం పగలూ రాత్రీ తేడా లేకుండా తిరిగాడు. తన జీవితంలో సగం నిద్ర ఇతని కంపెనీకే ధారపోశాడు. కనీసం బాగున్నావా అని అడగలేదు. కాఫీ ముట్టుకోకుండా పెట్టె తీసుకుని దిగిపోయాడు. వెనక మెట్ల మీద శేషాద్రి "ఆగు ద్వారకా, ఇంటికి పోవద్దు" అని అరవడం వినిపించింది గానీ, వెనక్కి తిరగలేదు.

అరక్కోణంలో బండి మారి తిరుత్తణి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఎండ గుడి కొండ మెట్ల మీద తెల్లగా కాస్తోంది. స్టేషను బయట కావళ్ళు మోసే భక్తులు కొందరు నీడలో పడుకున్నారు. పసుపు బట్టలు, కర్పూరం వాసన, నలిగిన పూలు. ద్వారకనాథ్ గడియారం చూసుకున్నాడు. న్యూయార్క్ టైము మార్చడం మరిచిపోయాడు. రెండున్నర చూపిస్తోంది. అంటే అతని ఒంటి లెక్కన ఇది నట్టనడి రాత్రి. తల మీద సూర్యుడు మండుతున్నాడు, లోపల మాత్రం అర్ధరాత్రి. ఆ రెండింటి మధ్య కాళ్ళీడ్చుకుంటూ నడిచాడు.

వాళ్ళ వీధి మలుపు తిరిగాడు. అమావాస్య నాడు ఆ వీధిలో ఎవరూ మగ్గం ముట్టరు. ఏడాది పొడుగునా టకటకలాడే వీధి ఆ ఒక్క రోజు నోరు మూసుకుంటుంది. అందరూ తలుపులు దగ్గరికేసుకుని, పోయినవాళ్ళకు ఆకు వేసి, అన్నం తిని నడుం వాల్చి ఉంటారు. ఒక్క మనిషి లేడు, ఒక్క కుక్క లేదు. గంజి వాసన, వేడి మట్టి వాసన.

అప్పుడు వినిపించింది.

దబ్బ్.

కాసేపు ఆగి మళ్ళీ... దబ్బ్.

మగ్గం పలక దెబ్బ. నాడె విసిరాక పోగును బిగించే దెబ్బ. కానీ దెబ్బకూ దెబ్బకూ నడుమ నాడె జారే చప్పుడు లేదు. పోగు లేకుండా ఉత్త దెబ్బ. ఇంత శ్రద్ధగా ఏమీ నేయనివాడెవడా అనుకున్నాడు. నాలుగడుగులు వేశాక తెలిసింది. ఆ చప్పుడు తన ఇంట్లోనుంచి వస్తోంది.

తలుపు తట్టాడు. దెబ్బ ఆగింది.

అమృతవల్లి తలుపు ఒక రెక్క మాత్రమే తెరిచింది. తలనిండా మల్లెపూలు, మెరిసే అంచు చీర, కళ్ళకు కాటుక. పెళ్ళైన కొత్తలో తప్ప ఇంత ముచ్చటగా ఆమె తయారైనట్టు అతనికి గుర్తులేదు. అతన్ని చూసి ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు. ఎప్పుడో రావలసిన చుట్టం ఇప్పుడొచ్చాడన్నట్టు ఉంది.

"వచ్చినారా?" అని గుసగుసగా అంది. "కొంచెం మెల్లగా రండి."

"ఎందుకు మెల్లగా? లోపల ఎవరు?"

"ముందు కాళ్ళు కడుక్కోండి. అన్నం తినండి. అలసిపోయినారు."

నడవాలో ఆకు వేసి ఉంది. నాన్నగారి పటం ముందు అమావాస్య ఆకు కూడా ఉంది. అరటికాయ కూర, పాయసం. ప్రతి అమావాస్యకూ అమృతవల్లి ఆ ఆకు పక్కన రెండో ఆకు ఒకటి వేసేది. ఎవరికని అడిగితే మాట మార్చేది. వాళ్ళమ్మకేమో అని అతను ఊరుకునేవాడు. పదేళ్ళలో తప్పని ఆ రెండో ఆకు ఈ రోజు లేదు.

పెరుగన్నం పెట్టింది. చల్లటి మజ్జిగ పోసింది. తింటూ ఉండగానే గోడ పక్కన చాప పరిచింది, దిండు వేసింది, కిటికీ రెక్కలు మూసింది. గది చల్లగా, చీకటిగా అయిపోయింది. ద్వారకనాథ్ రెప్పలు వాలిపోతున్నాయి. ఆ చాప అతన్ని పేరు పెట్టి పిలుస్తున్నట్టే ఉంది.

"పడుకోండి," అందామె.

ముద్ద ఎత్తిన అతని చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ద్వారకనాథ్ తలెత్తి చూశాడు.

"ఏమంటివి?"

"పడుకోండి అన్నాను. కొంచెంసేపు."

"పదేండ్లుగా దిగిన దినం రెప్ప వాలిస్తే కుదిపి లేపినది నువ్వే గదా అమృతా. ఈ దినమేంది పడుకోమంటావు? పొద్దున మీ అన్న అదే మాట. ఇప్పుడు నువ్వు."

ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ వెనక గది వైపు చూసింది.

దబ్బ్.

అతను లేచాడు. ఎంగిలి చేతితోనే తొట్టి దగ్గరికి పోయి చల్లటి నీళ్ళు మెడ మీద పోసుకున్నాడు. వంటింట్లో ఎండుమిరపకాయ తీసి కసుక్కున కొరికాడు. నాలుక మండింది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అయినా ఆ మంట వెనక నిద్ర ఓపికగా నిలబడే ఉంది. ఎవరి ఇంట్లో ఎవరు పడుకోవాలని వీళ్ళిద్దరూ కూడబలుక్కున్నారు? తన ఇల్లు, తన భార్య, తన మగ్గం. ఇవి కూడా తనవి కాకపోతే ఇరవై మూడు రోజులు ఏ దేశంలోనో కళ్ళు తెరుచుకుని కూర్చున్నది ఎవరి కోసం?

మగ్గం గది తలుపు తోశాడు.

ఆ గదికి కిటికీలు లేవు. దారం ఎండిపోకుండా ఎప్పుడూ తడిగా, చీకటిగా ఉంచుతారు. పైకప్పులో ఒక్క గాజు పెంకు. అందులోంచి వెలుతురు నిలువుగా మగ్గం మీద పడుతోంది. తడి మట్టి వాసన. గంజి వాసన. వాటితో పాటు కలరా ఉండల వాసన, చాలా కాలం మూసిపెట్టిన పెట్టెలోంచి వచ్చే వాసన...

మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని ఒకడు కూర్చుని ఉన్నాడు. వీపు ఇటువైపు. నీలం టెరిలిన్ చొక్కా.

ఆ చొక్కాను ద్వారకనాథ్ ఎరుగును. మొదటి ప్రయాణానికి కుట్టించుకున్నది. తిరిగొచ్చాక ఎంత వెతికినా దొరకలేదు. చాకలి పోగొట్టిందని అమృతవల్లి చెప్పింది. కాలరు కింద ఆ నున్నటి మెడ, ఆ నల్లటి ఒత్తు జుట్టు... పదేళ్ళ కిందట అద్దంలో చూసుకున్నవి.

ఆ మనిషి పలకను దగ్గరికి లాక్కున్నాడు. ఎడమ చేతితో. దబ్బ్. కుడి మణికట్టుకు గడియారం.

వెనక్కి తిరగలేదు.

"అమృతా," అన్నాడు. ద్వారకనాథ్ గొంతే. కానీ పడుచుగా, తేటగా ఉంది. "వచ్చినాడా?"

"వచ్చినారు," అంది అమృతవల్లి గుమ్మంలోంచి.

"పడుకోమను. అలసిపోయుంటాడు."

ద్వారకనాథ్ అరవబోయి ఆగాడు. భార్య చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగాడు.

"ఎవరు వాడు?" గొంతు తనకే వినిపించలేదు. "ఎవరు అమృతా?"

"మూడు దినాలైంది వచ్చి." ఆమె కూడా గుసగుసగానే చెప్పింది. "ఈసారి మీరు పోగు పెట్టకుండా పోతిరి. మగ్గం ఖాళీగా ఉండకూడదు గదా. నేనే ఎర్ర దారం పెట్టినాను. ఎడమ పక్క నుంచి పెట్టినాను."

"ఎడమ పక్క నుంచి ఎందుకు?"

ఆమె చెయ్యి తలలోని మల్లెపూల మీదికి పోయింది.

"వచ్చి మూడు దినాలైతే ఆ పోగు ఎందుకు ముగించలేదు?"

"ముగించలేరంట. మీరు దిగి వచ్చేదాకా ఆ నాడె కదలదంట, వచ్చినాక ఇద్దరూ మేలుకోనుంటే కూడా కదలదంట. ఒకరు నిద్రపోవాల." ఆమె తల వంచుకుంది. "ఆయనకు నిద్ర రాదు. మూడు రాత్రులు నాతో మాట్లాడుతానే ఉండారు. మీరు ఇంటికొస్తే నాతో పట్టుమని పది మాటలు మాట్లాడిన దినముందా? కూర్చున్నచోటే తూగుతుంటిరి. అన్న కూడా వచ్చి చూసినాడు. సంవత్సరం తిప్పినా ఇతనికి అలుపు రాదు అన్నాడు. రేపు ఒసాకాకు ఆయన్నే..."

ద్వారకనాథ్ ఆమె చెయ్యి వదిలేశాడు. పట్టుకోవడానికి ఆ చేతిలో తనదంటూ ఏమీ మిగల్లేదు. కన్నీళ్ళు వచ్చాయి. భయం కంటే ముందు అవే వచ్చాయి. ఇద్దరూ కలిసి తన అలసటనే తనకు ఎర వేశారు. అన్నం, మజ్జిగ, చాప, దిండు. ఇంతకంటే విషం పెట్టి ఉంటే కోపగించుకోవడానికైనా తేలిగ్గా ఉండేది.

ఆ కోపమే అతన్ని మళ్ళీ గదిలోకి తోసింది.

"లే!" అన్నాడు. "అది నా మగ్గం. లే!"

ఆ మనిషి గొడవ పడలేదు. గుంతలోంచి కాళ్ళు తీసి, మర్యాదగా పక్కకు జరిగి, చీకట్లోకి పోయి నిలబడ్డాడు. ముఖం కనిపించలేదు.

"కూర్చో," అన్నాడు చీకట్లోంచి. "లాగి చూడు."

ద్వారకనాథ్ కూర్చున్నాడు. గుంతలో మన్ను చల్లగా తగిలింది. పడుగు నడుమ నాడె ఉంది. ఎర్ర దారం ఎడమ అంచు నుంచి వచ్చి సగంలో ఆగి ఉంది. కుడి చెయ్యి పెట్టి లాగాడు. కదల్లేదు. మేకు కొట్టినట్టు ఉంది. రెండు చేతులా లాగాడు. దారపు పోగుల నడుమ ఉన్న చిన్న కొయ్యముక్క... ఒక మగవాడి బలానికి కదల్లేదు.

వెనక ఊపిరి చప్పుడు లేదు. ఒకటే చూపు వీపు మీద.

నిద్ర వస్తోంది... ఇంత భయంలో కూడా వస్తోంది. తల ముందుకు వాలింది. ఉలిక్కిపడి లేపాడు. మెలకువగా ఉండాలంటే చేతులకు ఏదో పని కావాలి. నేసిన గుడ్డ చుట్టిన దూలాన్ని విప్పడం మొదలుపెట్టాడు. పదేళ్ళ గుడ్డ. ఇంట్లో ఉన్న నాలుగు రోజుల్లో జానెడో బెత్తెడో నేస్తూ వచ్చినది. ప్రతి ప్రయాణానికీ అడ్డంగా ఒక ఎర్ర గీత. ప్రతి గీతకూ పోగు మొదలైన అంచున బెత్తెడు దారం కొస వేలాడుతూ ఉంటుంది. కుడిచేతివాటం వాడు కనుక అన్ని కొసలూ కుడి అంచునే ఉన్నాయి. పదకొండోది. పదోది. తొమ్మిదోది. లెక్కపెడుతూ విప్పాడు. ఎనిమిది... ఐదు... రెండు. అన్నీ కుడి.

ఆఖరున ఒకటి మిగిలింది. 1972 నాటిది. మొదటి ప్రయాణం.

దాని కొస ఎడమ అంచున ఉంది.

అతనికి ఒక సంగతి గుర్తొచ్చింది. గుర్తు రావడం కాదు, ఎవరో చెబితే విన్నట్టు ఉండేది ఆ సంగతి. చిన్నప్పుడు ద్వారకనాథ్‌ది ఎడమచేతివాటం. నాయనమ్మ ఆ చేతిని తువ్వాలుతో కట్టేసి కుడిచేత్తో నేయమనేదట. మొదటి ప్రయాణం నుంచి వచ్చాక అది దానంతటదే పోయింది. ఎడమ చెయ్యి మొద్దుబారింది. చిన్ననాటి సంగతులన్నీ మసకబారాయి. అప్పటినుంచే సరిగ్గా నిద్ర పట్టడం మానేసింది. అలసట వల్ల అని డాక్టరు చెప్పాడు. అతనూ అలాగే అనుకున్నాడు. పదేళ్ళు అలాగే అనుకున్నాడు.

"అమృతా..." అన్నాడు. "ఈ మొదటి పోగు... ఎవరు ముగించినారు?"

గుమ్మంలో ఆమె ఏడుస్తోంది. చప్పుడు లేకుండా.

"నేనే," అంది. "పెండ్లై ఏడు నెలలు. ఒక్కతినే ఉండలేక... తొందరగా వస్తారని నేనే లాగేసినాను. ఆ మర్నాడు మీరు వచ్చినారు."

"నేను వచ్చినాను గదా మరి."

"మీరు వచ్చినారు. నాలుగు దినాలకు ఆయన వచ్చినారు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని చెప్పింది.

"పెట్టె మోసుకోని, ఎండలో, అలసిపోయి వచ్చినారు. అప్పుడు మీకు అలుపు లేదు. నవ్వుతా మాట్లాడుతుంటిరి. ఎవరు ఎవరో నాకు తెలీలేదు. భయమేసింది. ఆయనకు అన్నం పెట్టినాను. చాప పరిచినాను... పడుకోమన్నాను."

"తర్వాత?"

"ఆయన పడుకున్నారు. మీరు మేలుకోనుంటిరి. సాయంత్రానికి చాప ఖాళీ."

ద్వారకనాథ్ తన చేతుల వైపు చూసుకున్నాడు. కుడి చెయ్యి. దాని మీద పడిన గాజు పెంకు వెలుతురు. నా ఇల్లు, నా మగ్గం అని అరిచిన గొంతు... ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చింది? మొదటి ప్రయాణానికి ముందు తనెక్కడ ఉన్నాడు? ఎంత తవ్వినా ఒక్క చీకటి తప్ప ఏమీ తగల్లేదు. ఆ వచ్చిన వేరేవాడు తనే అయితే ఇంత బాధ ఎందుకు నిజంగా ఉంది?

"మిమ్మల్ని దిగిన దినం పడుకోనీకుండా చూసింది అందుకే," అంది ఆమె. "పగలు పడుకుంటే మళ్ళా ఇంకొకరు వస్తారేమోనని. పదేండ్లు కాపాడినాను. ఇప్పుడు నావల్ల కాదు. అమావాస్యకు వేసే ఆ రెండో ఆకు ఈ దినం వేసేదానికి నాకు చెయ్యి రాలేదు."

వీధిలో కారు ఆగింది. తలుపు మూసిన చప్పుడు. చెప్పులు విప్పిన చప్పుడు. శేషాద్రి నడవాలోకి వచ్చాడు. ఒక క్షణం ఆగి, ఇంట్లో ఎవరో జ్వరంతో పడుకుని ఉంటే అడిగినట్టు మెల్లగా అడిగాడు.

"అమృతా... పడుకున్నాడా?"

అమృతవల్లి మగ్గం వైపు చూసింది.

ద్వారకనాథ్ కళ్ళు పెద్దవి చేసుకున్నాడు. నాలుక కొరుక్కున్నాడు. గడియారం రెండున్నర దగ్గరే ఆగి ఉంది. పడుగు పోగులు ఒకదాన్లో ఒకటి కలిసిపోయి కనిపిస్తున్నాయి. ఎడమ అంచు... కుడి అంచు... ఏది ఏదో తెలియడం లేదు. ఒక్క రెప్పపాటు. ఒక్క రెప్పపాటు కూడా వద్దు...

ఒళ్ళో పెట్టుకున్న అతని వేళ్ళ ముందు, ఎర్ర దారం ఒక వెంట్రుక మేర కదిలింది.

అతని వెనక చీకట్లోంచి, అతని గొంతే, ఏ తొందరా లేకుండా జవాబు చెప్పింది.

"ఇంకా లేదు బావా."